ఎమ్మిగనూరులో అరగంట పోటీ

ఆహ్వాన పత్రిక మీద రేడియో బొమ్మ కన్నా ముఖ్య అతిథి బొమ్మ పెద్దదిగా ఉంది. ఇందిరాబాయి కంటికి ముందు ఆనింది అదే.

"ఈయన ఎవరప్పా? రేడియో కనిపెట్టినాయనా?" అని అడిగింది.

ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న ప్రాణేశ్ కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుని, కాసేపు ఆగి, "పత్తి జిన్నింగ్ మిల్లు... జయన్న గారు, మేడమ్" అన్నాడు.

ప్రాణేశ్ ఎమ్మిగనూరులో ఒక సహకార బ్యాంకులో ఉద్యోగి. సొంత రేడియోలతో దూరాల వాళ్ళతో మాట్లాడుకునేవాళ్ళు అక్కడ కొత్తగా పెట్టిన హ్యామ్ రేడియో క్లబ్బుకు అధ్యక్షుడు. ఏ మాటకైనా ముందు ఇలా కళ్ళు మూసి ఆగడం అతని అలవాటు. అధ్యక్ష పదవి వచ్చాక తలకెక్కిన బరువు అది అని ఇందిరాబాయి ఎప్పుడో తేల్చేసింది.

ఆమె ఆదోనిలో ఏళ్ళ తరబడి ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఈ చుట్టుపక్కల హ్యామ్ లైసెన్సు, దాంతో పాటు రేడియోలో పేరుకు బదులు చెప్పుకునే కాల్‌సైన్ తీసుకున్న మొదటి ఆడమనిషి కూడా ఆమే. మిద్దె మీద తీగ కట్టుకుని, దేశంలో ఏ మూల ఎవరు పలికినా పేరు అడిగి, ఊరు అడిగి, అక్కడ వాన పడిందో లేదో కనుక్కుని గానీ వదిలేది కాదు. ఇచ్చిన గడువులో ఎవరు ఎక్కువమందితో మాట్లాడితే వాళ్ళు గెలిచే రేడియో పోటీలు కూడా ఆమెకు కొత్త కాదు. రెండేసి రోజులు సాగే పోటీల్లో ఫ్లాస్కు నిండా కాఫీ పెట్టుకుని కూర్చుంటే, ఆమె భర్త రంగనాథ అన్నం కలిపి పక్కన పెట్టి పోయేవాడు.

"ఇంతకూ మీ పోటీ ఎంతసేపు?"

"అరగంట... మేడమ్."

"అరగంటా! అరగంటలో నేను రేడియో మీద దుమ్ము గూడా తుడవను గదప్పా."

"కొత్త... పద్ధతి. దేశమంతా... ఒకేసారి. కాల్‌సైన్, వరుస నంబరు, ఊరి పేరు. అంతే."

"నమస్కారం?"

"లేదు."

"బాగుండారా అని ఒక మాట?"

"అదీ... లేదు."

"మరి మనుషులు ఏంటికి? గడియారాలను కూర్చోబెట్టండి. టిక్కు టిక్కుమని అవే చెప్పుకుంటాయి."

ఇంకో నియమం కూడా ఉందని ప్రాణేశ్ చెప్పాడు. ఒక ఫ్రీక్వెన్సీ మీద నిలబడి పిలిచినవాడికి ఒక్కరు పలికితే చాలు, వెంటనే దాన్ని వదిలి ఇంకో ఫ్రీక్వెన్సీకి జరగాలి. పెద్ద యాంటెన్నా ఉన్నవాడు ఒకే చోట పాతుకుపోకుండా ఈ ఏర్పాటట.

"పిల్లోళ్ళ కుర్చీలాట. చెప్పు, నన్ను ఏంటికి పిలుస్తాండావు? కుర్చీల చుట్టూ పరుగెత్తడానికా?"

"కాదు మేడమ్. మీరు... స్టేజీ మీద... పెద్దలుగా. శాలువా... కప్పుతాము."

ఇందిరాబాయి ముఖం ఎర్రబడింది. ప్రాణేశ్ నమస్కారం పెట్టి బయటపడ్డాడు.

"శాలువా అంట! ఫోటోకు దండ వేసి ఊదుబత్తీలు వెలిగించలేదు, సంతోషం," అంది లోపలికి వస్తూనే.

రంగనాథ పుస్తకంలోంచి తలెత్తాడు. పొద్దున్నే పిల్లలకు సంస్కృతం చెప్పి వచ్చి, మిగిలిన రోజంతా భార్య మాటలు వినడం ఆయన దినచర్య.

"ఇష్టం లేకుంటే పోవద్దులే."

"ఎందుకు పోను? పోతా. ఆ అరగంట ఎంత బూటకమో కళ్ళారా చూసొచ్చి చెప్తా."

ఆదివారం పొద్దున ఆమె చిన్న రేడియోను, బ్యాటరీని, చుట్ట చుట్టిన తీగను సంచిలో సర్దుతుంటే రంగనాథ అడిగాడు: "చూసొచ్చేదానికి పోతాండావు గదా, ఇవన్నీ ఏంటికి?"

"పెండ్లికి ఒట్టి చేతులతో పోతామా?" అని సంచి భుజాన వేసుకుని ఆమె బస్సెక్కింది.

ఎమ్మిగనూరు ఫంక్షన్ హాలు ముందర కట్టిన బ్యానరు మీద కూడా జయన్నే ఉన్నాడు, చేతులు జోడించి, పండిన వరి చేనంత పసుపుపచ్చ నేపథ్యంలో. లోపల స్టేజీ మీద బల్ల, దాని మీద క్లబ్బు వాళ్ళ ఖరీదైన రేడియో. దానికి బొట్టు పెట్టి, చామంతి దండ వేశారు. చుట్టూ రంగురంగుల బల్బుల తోరణాలు మినుకు మినుకుమంటున్నాయి. ఎవరో రేడియో ఆన్ చేస్తే పిండిమిల్లు తిరిగినట్టు బుర్రుమంది. ఆ బల్బుల వల్ల పుట్టే రొద రేడియోలో ఇంకేమీ వినపడనివ్వదని ఇందిరాబాయికి తెలుసు. స్టేజీ ఎక్కుతూనే చెప్పింది కూడా.

"బల్బులు ఆర్పండప్పా."

"ఫోటోల్లో బాగుండవు మేడమ్," అన్నాడు ఫోటోగ్రాఫరు.

పోటీ సరిగ్గా ఎనిమిదికి మొదలు. జయన్న వచ్చేసరికే ఆలస్యమైంది. ఆయన వెంట మిల్లు మనుషులు వచ్చి కుర్చీలన్నీ నింపారు. జ్యోతి వెలిగించారు. ఇందిరాబాయికి శాలువా కప్పారు. పాలిస్టరు. ఎండాకాలం ఉక్కలో ఆ శాలువా కింద ఆమె వీపు మీద చెమట ధార కట్టింది. ప్రాణేశ్ మైకు దగ్గరికి కూడా పోలేదు. జయన్న వైపు ఒక్క చూపు చూశాడంతే, ఆయన లేచి మైకు అందుకున్నాడు.

"మా తాత పొద్దున్నే రేడియోలో పాడిపంటల కార్యక్రమం వింటాండె. ఆ రేడియోను ఈ రోజు మన ఎమ్మిగనూరు పిల్లోళ్ళు మళ్ళా బతికిస్తాండారు..."

ఇందిరాబాయి పక్కకు వంగి, "ఎనిమిదైందప్పా. పోటీ మొదలైంది," అంది.

"సార్... ముగిస్తారు," అన్నాడు ప్రాణేశ్. అతని నుదురంతా చెమట.

సార్ ముగించలేదు. తాత నుంచి నాన్నకు వచ్చాడు, నాన్న నుంచి పత్తి ధరకు వచ్చాడు. "ఈ క్లబ్బుకు నేను టవర్ కట్టిస్తా! ఆ టవర్ ఎక్కితే మంత్రాలయం కనపడల్ల!" అన్నాడు. మిల్లు మనుషులు చప్పట్లు కొట్టారు. దేశమంతా రేడియోల ముందు అరగంట కోసం ఆదరాబాదరా పడుతున్న వేళ, పోటీ కోసం సభ పెట్టిన ఊళ్ళో మాత్రం ఆ అరగంట ఉపన్యాసంలో కరిగిపోతోంది. ఇంతకన్నా గొప్ప వెటకారం తాను కూడా చేయలేననుకుంది ఇందిరాబాయి. సంచి తీసుకుని లేచి, మెట్లు దిగి, పక్క తలుపులోంచి హాలు వెనక్కి నడిచింది.

వెనక వంటలు జరుగుతున్నాయి. వేపచెట్టు నీడలో హులిగమ్మ అనే వంటామె ఉగ్గాని కోసం నానబెట్టిన బొరుగులను నీళ్ళు పిండి గంపలో వేస్తోంది. పొయ్యి మీద మిరపకాయ బజ్జీల మూకుడు కాగుతోంది. ఇందిరాబాయి తీగ కొసకు పురికొస కట్టి, పురికొసకు రాయి కట్టి కొమ్మ మీదికి విసిరింది. రాయి పోయి బజ్జీల పొయ్యి పక్కన పడింది.

"ఏందమ్మా, మమ్మల్ని సంపుతావా ఏంది!" అని హులిగమ్మ అరిచింది. తర్వాత చేతులు తుడుచుకుని లేచింది. "యాడికి ఎయ్యల్ల, సెప్పు."

ఇద్దరూ కలిసి నాలుగైదు సార్లు విసిరాక తీగ కొమ్మకు చిక్కింది. శాలువాను నాలుగు మడతలు పెట్టి నేల మీద పరుచుకుని ఇందిరాబాయి కూర్చుంది. రేడియో పెట్టగానే గొంతులే గొంతులు. సంతలో నిలబడ్డట్టుంది. హుబ్బళ్ళి నుంచి ఒకాయన పిలుస్తున్నాడు. ఆమె తన కాల్‌సైన్ చెప్పింది. ఆయన అందుకుని తన నంబరు, ఊరు చెప్పాడు.

ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టింది: "గుడ్ మార్నింగ్. నా పేరు ఇందిర. ఆదోని నుంచి వచ్చి ఎమ్మిగనూరులో ఒక వేపచెట్టు కింద..."

అటువైపు ఎవరూ లేరు. ఆయన విసిగి ఇంకో ఫ్రీక్వెన్సీకి జరిగిపోయాడు.

"పలకరించే లోపల పరారైనాడు!"

"ఎవరమ్మా?"

"హుబ్బళ్ళి మనిషి. దొంగ మాదిరి."

మదురై మనిషి దొరికాడు. ఆయనకూ గుడ్ మార్నింగ్ చెప్పింది. ఆయన ఆమె మాటకు అడ్డం వచ్చి, "నంబర్ ప్లీజ్, నంబర్ ప్లీజ్" అన్నాడు. ఆమె మైకులోనే కసిరింది. కొల్హాపూర్ నుంచి పలికిన ఒక ఆడగొంతు మాత్రం ఓపిక పట్టింది. ఇందిరాబాయి నోటికి అడ్డుకట్ట వేసుకుని ఎలాగో మూడు ముక్కలూ అప్పజెప్పేసరికి ఆయాసం వచ్చింది. ఇన్నేళ్ళ అనుభవం ఈ సంతలో చిల్లిగవ్వకు కొరగాదని ఆమెకు అర్థమైంది. అర్థమైన కొద్దీ ఒళ్ళు మండింది.

ఈ లోపల హాలులోంచి ఒక్కొక్కరే వెనక్కి రావడం మొదలైంది. రేడియో కోసం కొందరు, బజ్జీల వాసనకు ఎక్కువమంది. వాళ్ళ వెనకే ప్రాణేశ్ పరుగెత్తుకు వచ్చాడు.

"మేడమ్... సార్ ఇంకా మాట్లాడతాండారు... స్టేజీ మీదికి..."

"సార్‌ను టవర్ ఎక్కి మంత్రాలయం చూసుకోమను. నువ్వే కదా అధ్యక్షుడివి? రా, కూర్చో. మాట్లాడు." మైకు అతని ముందు పెట్టింది.

ప్రాణేశ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏం, మైకు పట్టుకుంటే హోదా తగ్గుతుందా?"

అతను కూర్చున్నాడు. మైకు తీసుకున్నాడు. మీట నొక్కి నోరు తెరిచాడు. కాల్‌సైన్‌లో మొదటి అక్షరం బయటికి రాలేదు. పెదవులు బిగుసుకున్నాయి, మెడనరాలు ఉబ్బాయి, కళ్ళు మూతపడ్డాయి. "వ్... వ్..." అని ఆగిపోయి, మీట వదిలేశాడు. 

ఇందిరాబాయికి అప్పుడు అర్థమైంది. ఆ ఆగి ఆగి మాట్లాడడం, ఆ గొంతు సవరింపులు పదవి బరువు కాదు. నత్తి. సభ పెడితే ముఖ్య అతిథి, ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి, ఎప్పుడూ ఎవరో ఒకరు ముందు నిలబడాలి, తను వెనక ఉండాలి. అది పెద్దవాళ్ళ చుట్టూ తిరిగే బుద్ధి అని ఆమె ఊరంతా చెప్పింది.

"బ్యాంకులో... ఎట్లో నెట్టుకొస్తా మేడమ్," అన్నాడు అతను నేల చూస్తూ. "రేడియోలో... పేరు, వాతావరణం, కబుర్లు... అవతల వాళ్ళు కాచుకోనుంటారు. నాకు... రాదు. ఈ పోటీలో అయితే... మూడే ముక్కలు. రోజూ బండి మీద పోతా... అవే చెప్పుకుంటాండాను."

"మూడు ముక్కలకు అంత బ్యానరు ఏంటికప్పా?"

"అందరూ ఉంటే... తప్పించుకోలేననుకుంటి."

"తప్పించుకుంటివి గదా, జయన్న వీపు వెనకాల."

ప్రాణేశ్‌కు నవ్వొచ్చింది. ఆమెకు క్షమాపణ చెప్పడం రాదు, చెప్పలేదు. రేడియో నాబ్ తిప్పి ఒక మంచి గొంతు దగ్గర ఆపింది.

"తిరునెల్వేలి మనిషి. నిదానంగా పిలుస్తాండాడు. చెప్పు. నేను రాస్తా."

ఈసారీ మొదటి అక్షరం తట్టుకుంది. తిరునెల్వేలి మనిషి ఒక్క క్షణం ఆగాడు. కాల్‌సైన్ బయటపడింది, దాని వెనక నంబరు, దాని వెనక "ఎమ్మిగనూరు". అవతల నుంచి "థాంక్యూ" వినిపించింది. అంతే, అయిపోయింది. ప్రాణేశ్ మైకు పట్టుకుని అలాగే ఉండిపోతే, "జరుగప్పా, కుర్చీలాట!" అని ఆమె నాబ్ తిప్పింది.

తర్వాత ఆమె వెతకడం, రాయడం, అతను పలకడం. కొన్నిసార్లు మాట తట్టుకుంది, ఒకరిద్దరు కాచుకోలేక పోయారు. చాలామంది దొరికారు. నడుమ కోళికోడ్ గొంతు వినగానే ఇందిరాబాయి మైకు లాక్కుని గుడ్ మార్నింగ్ మొదలుపెట్టింది.

"మేడమ్, గుడ్ మార్నింగ్... వద్దు," అన్నాడు ప్రాణేశ్.

"నోరు మూసుకో," అంది గానీ, మైకు ఇచ్చేసింది.

అరగంట ముగిసింది. గొంతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అప్పుడు వినిపించింది, హాలులో జయన్న ఇంకా మాట్లాడుతుండడం. ఎదురుగా ఖాళీ కుర్చీలు తప్ప ఏమీ లేవని ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది. మాట మధ్యలో ఆపేశాడు. అందరూ చేతుల్లో బజ్జీలతోనే లోపలికి వెళ్ళేసరికి ఆయన కండువా సర్దుకుంటున్నాడు.

వందన సమర్పణ మిగిలింది. క్లబ్బు కార్యదర్శి మైకు అందుకోబోతే ప్రాణేశ్ చేయి అడ్డం పెట్టాడు.

"అంద... అంద..." అని తట్టుకుంది. కార్యదర్శి మళ్ళీ చేయి చాపాడు. ప్రాణేశ్ ఇవ్వలేదు.  వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇందిరాబాయి తల తిప్పి చూసిన చూపుకు ఆ నవ్వు అక్కడే చచ్చింది.

"అందరికీ... ధన్యవాదాలు. ఉగ్గాని... చల్లారుతాంది. తినండి."

ఆ పొద్దు స్టేజీ మీద ఎవరైనా నిజంగా మాట్లాడిన మాట అదొక్కటేనని ఇందిరాబాయి అభిప్రాయం. జయన్న మాత్రం ఏమీ ముట్టకుండా కారెక్కాడు. ఎక్కేముందు, "టవర్ సంగతి నిదానంగా చూద్దాం లేప్పా" అన్నాడు.

"టవర్... పోయినట్టే మేడమ్," అన్నాడు ప్రాణేశ్, పళ్ళెం చేతిలో పెట్టుకుని. అతని ముఖంలో నిజంగానే బాధ ఉంది. క్లబ్బు వాళ్ళు చాలారోజులుగా ఆశ పెట్టుకున్న టవర్ అది.

"పోనీ. తీగకు వేపకొమ్మ చాలు. దాని కింద కూర్చుంటే ఉపన్యాసం గూడా వినక్కరలేదు," అంది ఆమె. కానీ అతను నవ్వలేదు. 

మధ్యాహ్నం ఆదోని చేరాక రంగనాథకు అంతా వరసగా తిట్టి చూపించింది. బ్యానరును తిట్టింది, పాలిస్టరు శాలువాను తిట్టింది, బల్బుల తోరణాలను తిట్టింది. హుబ్బళ్ళి మనిషిని మాత్రం ప్రత్యేకంగా, తీరిగ్గా తిట్టింది. ఆయన కాఫీ తాగుతూ విన్నాడు.

"ఆ పిల్లోడు ప్రాణేశ్ ఎట్ల చేసినాడు?"

ఇందిరాబాయి సంచిలోంచి తీగ తీసి, చిక్కులు విప్పుతూ కూర్చుంది.

"వాడికి వచ్చింది," అంది చివరికి. "నాకే రాలేదు."

రంగనాథ ఏదో అనబోయాడు.

"ఆ పోటీ మాత్రం ఒట్టి చెత్త," అంది ఆమె.