వాసన లేని బ్యాగు

బడి తెరిచిన పదిరోజులకే నాగదుర్గ భుజాల మీద, వీపు మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. నాలుగో తరగతి పిల్ల. ఉక్క వల్లేమో అనుకుని వాళ్లమ్మ లక్ష్మీతులసి చందనం రాసింది. ఆదివారం తగ్గేవి, సోమవారం సాయంత్రానికి మళ్లీ వచ్చేవి. రాజోలులో డాక్టరుగారు మందు రాసిచ్చి, "కొత్తగా ఏం తగిలిస్తున్నారమ్మా ఒంటికి?" అని అడిగారు. అప్పుడు తట్టింది ఆమెకి. గులాబీరంగు మెరుపుల స్కూలు బ్యాగు! కొన్న రోజు నుంచీ ఇల్లంతా ఘాటుగా వాసన కొడుతూనే ఉంది. పట్టీలకి చెమట తగిలితే రంగు చొక్కాకి అంటుతోంది.

మర్నాడు అంతర్వేది నుంచి ఆటో ఎక్కి, పిల్లని వెంటబెట్టుకుని మలికిపురం వెళ్లింది. మాణిక్యాలరావుగారి కొట్లో గుమ్మం దగ్గర నుంచి కప్పు దాకా బ్యాగులే వేలాడుతున్నాయి.

"వాసన రానిది ఒకటి చూపించండి బాబాయిగారూ, పిల్లకి పడటం లేదండీ," అంది.

ఆయన పిల్ల మెడ వెనక చూశాడు. ఒక్కొక్క బ్యాగే దించి, జిప్పు తీసి, తనే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాలుగోది కూడా మూసేసి నిట్టూర్చాడు.

"అబద్ధం ఎందుకు చెప్పాలమ్మా! మా కొట్లో అన్నీ ఇలాంటివేనండీ. ఇంకోటి అంటగట్టేనంటే ఈ పిల్ల మళ్లీ గోక్కుంటుంది. వెనక సందులో పాపాయమ్మగారని ఉన్నారు. గట్టి నూలుగుడ్డతో కుడతారావిడ. నేను పంపించేనని చెప్పండి."

బేరానికి వచ్చిన మనిషిని ఇలా వేరే చోటికి పంపే కొట్టాయనని లక్ష్మీతులసి ఎక్కడా చూడలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని, "ఆయ్, అలాగేనండీ," అంది.

పాపాయమ్మకి అరవై దాటాయి. ఒకప్పుడు పడవలకి తెరచాపలు కుట్టిన చెయ్యి. నాగదుర్గని నిలబెట్టి వీపు కొలిచింది, రోజూ మోసే పుస్తకాలెన్నో అడిగి బరువు లెక్కేసుకుంది. రంగు వేయని గుడ్డ తీసి, కుంకుడురసంలో ఉతికి ఆరేశాకే కుడతానంది. భుజాల పట్టీల లోపల పాత నూలుచీర మడతలు పెడతానంది. ప్లాస్టిక్ బకిల్స్‌కి బదులు కొబ్బరిచిప్పతో చేసిన బొత్తాలు చూపించింది.

"ముందే చెబుతున్నానమ్మాయ్, వాన పడితే తడుస్తుంది. గొడుగు ఉండాల్సిందే," అంది.

నాగదుర్గ మూతి ముడుచుకుంది. "దీని మీద బొమ్మ లేదు."

"ఏం బొమ్మ కావాలి తల్లీ?"

పిల్ల ముడిచిన మూతి విప్పింది. "నాన్న పడవ."

మూడోరోజుకి బ్యాగు వచ్చింది. జేబు మీద నీలం దారంతో చిన్న పడవ. నాగదుర్గ దాన్ని దింపకుండానే అన్నం తింది. నీళ్ల సీసా కూడా మార్చేద్దామని వాళ్ల నాన్న నాగసతీష్ స్టీలుది పట్టుకొచ్చాడు.

రెండు వారాలకి వీపు నున్నబడింది. స్నానం చేయిస్తూ లక్ష్మీతులసి ఆ వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచేసింది. "చక్కిలిగింతలమ్మా!" అని పిల్ల మెలికలు తిరిగింది.

ఆ శనివారం లక్ష్మీతులసి ఎండురొయ్యలు రెండు పొట్లాలు కట్టుకుని మలికిపురం వెళ్లింది. ఒకటి పాపాయమ్మ చేతిలో పెడితే, "ఇవెందుకే!" అంటూనే ఆవిడ కళ్లొత్తుకుంది. రెండోది తీసుకుని కొట్టుకెళ్లేసరికి మాణిక్యాలరావు కంగారుపడ్డాడు.

"నేనేం అమ్మేనని తెచ్చేరమ్మా ఇవి?"

"మా పిల్ల రాత్రిళ్లు హాయిగా పడుకుంటోందండీ," అంది లక్ష్మీతులసి. పొట్లం ఆయన ముందుకు చాపింది.

ఆయన పొట్లం తీసుకుని రెండు చేతులూ జోడించాడు. ఆయన వెనక, గుమ్మం పక్కనే, పాపాయమ్మ కుట్టిన బ్యాగులు రెండు వేలాడుతున్నాయి. ఎవరో తల్లి ఒకదాని కొబ్బరిచిప్ప బొత్తాలు విప్పి, లోపల ముక్కు పెట్టి చూస్తోంది.