సామాను సీటు

మేం నలుగురు ఆడవాళ్ళం నెలకోసారి ఎవరో ఒకరింట్లో చేరి, పలావు తిని, ఊళ్ళో వాళ్ళందరినీ కడిగేస్తాం. ఆ వసంతంలో మా ఇంటి వంతు వచ్చినప్పుడు తుర్సునోయ్ పలావు నములుతూనే, "అరవై దాటాం గానీ ఒక్కసారీ సరిహద్దు దాటలేదు మనం. సిగ్గుచేటు," అంది. అలా మొదలైంది మా విదేశయాత్ర.

మాకు ఉత్సాహమే ఉంది, దారి తెలిసింది మాత్రం నా కోడలు జుల్హుమోర్‌కే. మా వెనక నిలబడి కప్పుల్లో టీ పోస్తూ ఊళ్ళు చెప్పుకుపోయింది. సరిహద్దు దాటగానే మొదట ఖుజంద్, అక్కడి పాత కోట. తర్వాత ఇస్తరవ్‌షాన్, కత్తులు చేసే కమ్మరివీధి. అక్కణ్ణుంచి కొండలెక్కి ఐని. చివరికి పంజకెంట్.

"ఐనిలో మనవాళ్ళెవరున్నారే?" అడిగింది తుర్సునోయ్.

"ఎవరూ లేరు పిన్నీ."

"మరెందుకు పోవడం?"

"కొండలున్నాయి."

"కొండలు మనకి టీ పోస్తాయా?"

అందరం నవ్వాం. మాకు యాత్రంటే చుట్టాలిళ్ళ వరస. చుట్టం లేని ఊరు మ్యాపులో ఉన్నా మా లెక్కలో ఉండదు. జుల్హుమోర్ మాత్రం నవ్వలేదు. "అక్కడ ఆప్రికాట్ పూల మీద మంచు పడుతుందట," అంది మెల్లగా. వెళ్ళాలని ప్రాణం కొట్టుకుపోతోంది పిల్లకి. గుడ్డివాళ్ళకైనా కనిపిస్తుంది.

నాకూ కనిపించింది. కానీ మా ఇళ్ళలో కోడలు నోరు తెరిచి అడగదు, అడగందే అత్త ఇవ్వదు. నా కొడుకు మక్సూద్‌ని అడిగిందేమో, వాడు "అమ్మ ఇష్టం" అనుంటాడు. వాడికి అన్నిటికీ అదే జవాబు.

అద్దెకి మాట్లాడిన వ్యానులో మా నలుగురికీ పోను ఒక సీటు మిగిలింది.

"అది సామానుకి," అంది జుల్హుమోర్ నా వైపు చూడకుండా.

"నేనింకా కోడల్ని కూడా తీసుకొస్తావేమో అనుకున్నా," అంది తుర్సునోయ్. "నువ్వసలే నెత్తినెక్కించుకున్నావుగా."

దాంతో నాకు రోషం వచ్చింది. "సామానుకే," అన్నాను.

ఇక ఏర్పాట్లన్నీ జుల్హుమోర్‌వే. నా మోకాళ్ళకి మందు, ఉన్ని మేజోళ్ళు, దారిలో తినడానికి ఎండు పళ్ళు. నాకు పాస్‌పోర్టు చేయించడానికి నాతో వచ్చి, పనిలో పనిగా తనదీ చేయించుకుంది. "ఎప్పుడైనా పనికొస్తుంది," అంది. విననట్టు ఊరుకున్నాను. నిజానికి నాకు భయంగా ఉంది. ఆ కొండదారి, సరిహద్దులో వాళ్ళడిగే ప్రశ్నలు. ఈ పిల్ల పక్కనుంటే బాగుండునని రోజూ అనిపించేది. తుర్సునోయ్ ముందు ఆ మాట ఎలా అంటాను?

దూరం పోయేవాళ్ళు మా ఇళ్ళలో గుండ్రటి రొట్టెని ఒక్క కొరుకు కొరికి బయల్దేరతారు. మిగతాది గోడకి మేకుకు వేలాడుతుంది. తిరిగొచ్చి వాళ్ళే దాన్ని తినాలి. మక్సూద్ సైన్యానికి పోతూ కొరికిన రొట్టె ఏడాది పాటు అలాగే వేలాడింది. వచ్చాక రాయిలా ఉంటే టీలో నానబెట్టుకుని తిన్నాడు. కొరికాక కూడా పోకుండా ఉండిపోయిన మనిషిని మాత్రం నేనెరగను. అది మహా అపశకునం.

బయల్దేరే రోజు పొద్దున వ్యాను గుమ్మం ముందు ఆగింది. అందరూ మా వాకిట్లో ఉన్నారు. జుల్హుమోర్ పళ్ళెంలో రొట్టెలు తెచ్చింది. నేను ఒకటి కొరికాను. మక్సూద్ దాన్ని మేకుకు తగిలించాడు.

అప్పుడు జుల్హుమోర్ ఇంకో రొట్టె తీసుకుని, నా కళ్ళలోకి సూటిగా చూసి, కొరికింది. పెద్ద కొరుకే. బుగ్గలు ఉబ్బాయి.

"ఇదేం పనే?" అంది తుర్సునోయ్. జవాబు చెప్పడానికి నోరు ఖాళీ లేదు పిల్లకి. నములుతోంది.

నాకు కోపం రావాలి. రాలేదు. నాలుగు వారాలుగా గుండెల మీదున్న బరువు దిగిపోయింది.

"కొరికేసిందిగా, ఇక ఆపకూడదు," అన్నాను. "మక్సూద్, ఇంకో మేకు కొట్టు."

"మరి సామాను?" అంది తుర్సునోయ్.

"నీ ఒళ్ళో పెట్టుకో."

మక్సూద్ సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "అమ్మా, మరి నాకు వంటెవరు చేస్తారు?"

"నీ ఇష్టం," అన్నాను వ్యానెక్కుతూ. "ఆ గోడ మీది రొట్టెలు మాత్రం ముట్టుకోకు."