బండలు పరిచిన వ్యాన్

బేతంచెర్ల దేవేంద్రప్ప వ్యాన్ ఎక్కాలంటే ముందు చెప్పులు విడవాలి. లోపల నేలంతా బండలు. ఆయన గనిలో తీసి, ఆయన ఫ్యాక్టరీలోనే పాలిష్ పట్టినవి. వంగి చూస్తే ముఖం కనపడుతుంది. తిరిగే బండిలో సిమెంటు పోసి బండలు పరిచిన మనిషి ఇంకొకడు ఉంటాడని ఆయన భార్య కృష్ణవేణమ్మ అనుకోదు. ఒకవేళ ఉంటే వాడూ ఈ బండల గనుల ఊరు బేతంచెర్లవాడే అయివుంటాడు.

బెంగుళూరులో పాతదాన్ని కొని తెచ్చిన రోజు ఆ వ్యాన్‌లో, ఊళ్లు తిరుగుతూ అందులోనే ఉండేందుకు రెండు మడత మంచాలు, చిన్న గ్యాస్ పొయ్యి, కింద రబ్బరు పట్టా ఉండేవి. పొయ్యీ మంచాలూ దేవేంద్రప్పకు నచ్చాయి. రబ్బరు పట్టా చూసి మాత్రం మూతి ముడిచాడు. "బండల దేవేంద్రప్ప రబ్బరు మీద కాళ్లు పెట్టుకోని తిరుగుతాండాడంటే నలుగురూ నవ్వుతారు" అన్నాడు. వారం తిరక్కుండానే మేస్త్రీలు దిగారు. నేలకు తెల్లబండ పడింది, గోడలకు మోకాటి ఎత్తు దాకా పసుపుపచ్చ బండ పడింది. చివర్న, వంటగట్టుకు ఏ రంగు కావాలని ఆయన భార్యను అడిగాడు.

పెళ్లయిననాటి నుంచి ఆయన ఆమెను అడిగి చేసిన పని అదొక్కటే. ఆమె ఫ్యాక్టరీ అంతా తిరిగి, నీలం జీర ఉన్న నల్లబండ ఏరుకుంది. మేస్త్రీ దాన్ని బిగించి తుడిచాక అరచెయ్యి ఆనించి చూసి మురిసిపోయింది. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

నిజానికి ఆమెకు కావలసింది బండా కాదు, బండీ కాదు. కర్ణాటకలో ఉన్న జోగ్ జలపాతం. ఎవరో ఫోన్లో చూపించారు, కొండ మీద నుంచి అన్ని నీళ్లు ఊరికే పడిపోతున్నాయి. కొళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి ఎదురుచూసే ఊరి మనిషికి, ఎవరూ పట్టుకోకుండా పడిపోయే నీళ్లు ఎలా ఉంటాయో కూర్చుని చూడాలనిపించడం తప్పా? ఇంకొక కోరిక కూడా ఉంది, అది బయటికి చెప్పుకోవడానికి సిగ్గు. పొద్దున్నే లేస్తే తనను టీ అడిగేవాడు లేని చోట ఒక్క రాత్రి నిద్రపోవాలి. ఫ్యాక్టరీ, ఇల్లు ఒకే ఆవరణలో ఉండడంతో లారీ డ్రైవర్లకూ, బండలు కొనడానికి వచ్చేవాళ్లకూ, గుమాస్తాలకూ అందరికీ ఆమె వంటిల్లే హోటలు.

"ఇంగ నువ్వు వంటింట్లో మగ్గింది చాలు. జోగ్ చూపిస్తా పా" అన్నాడు దేవేంద్రప్ప, వ్యాన్ కొన్న కొత్తలో. ఆ మాటకు ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి కూడా.

మొదటిసారి బయల్దేరినప్పుడు గుంతకల్లు రాకముందే ముందువైపు నుంచి ఆవిరి లేచింది. రెండోసారి బళ్లారి రోడ్డు మీద ఆగిపోయింది. రెండుసార్లూ దేవేంద్రప్ప ఇంజన్ను బండబూతులు తిట్టి, వెనక్కి తిప్పాడు. తర్వాత వ్యాన్ ఫ్యాక్టరీ ముందే నిలబడిపోయింది. నిలబడిందంటే ఊరికే కాదు. బండలు కొనడానికి వచ్చిన ప్రతివాడూ చెప్పులు విడిచి లోపలికి ఎక్కాలి, నేలను చేత్తో నిమరాలి, అబ్బా అనాలి. వాళ్లకు టీ కావాలి. ఆ టీ పెట్టేది ఎవరో చెప్పనక్కర్లేదు. అదీ ఆమె ఏరుకున్న నల్లబండ గట్టు మీదే.

ఈ ఎండాకాలం మరిది కొడుకు సుధీర్ గండికోటలో, లోయ చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం గుడారాలు వేశాడు. వాటి ప్రారంభానికి పెదనాయన వ్యాన్‌తో రాకపోతే ఎట్లా? దేవేంద్రప్ప భార్యను ఎక్కించుకుని బయల్దేరాడు. జమ్మలమడుగు దాటి ఎత్తు ఎక్కుతుండగా లోపల ఏదో పగిలినట్టు పెద్ద చప్పుడయింది, ఇంజను ఆగిపోయింది. ట్రాక్టరు కట్టి కిందికి లాక్కొచ్చి, ఫారూఖ్ మెకానిక్ షెడ్డులో పెట్టారు.

ఫారూఖ్ చూసి పెదవి విరిచాడు. "ఇది బాగయ్యేది కాదన్నా, మార్చాల్సిందే. కర్నూల్లో మంచి ఇంజను ఉండాది, తెప్పిస్తా. కానీ ముందు ఆ బండలు పీకిచ్చు. ఇంత బరువుకు కొత్తది బిగించినా ఇదే గతి."

"బండలు బరువుంటాయని నువ్వు చెప్తే గానీ నాకు తెలీదా? లోడు లారీని దూరం నుంచి చూసి ఎంత ఎక్కిచ్చినారో చెప్పేటోన్ని నేను" అని కస్సుమన్నాడు దేవేంద్రప్ప.

"మరి తెలిసే పరిపించినావా అన్నా?"

దేవేంద్రప్ప చూపు పక్కకు తిప్పుకున్నాడు. కృష్ణవేణమ్మ ఆయన ముఖం వైపు చూసింది. తెలుసన్నమాట. గుంతకల్లు దగ్గర ఆవిరి లేచినప్పుడూ తెలుసు, బళ్లారి రోడ్డు మీద ఇంజన్ను తిట్టినప్పుడూ తెలుసు. తనకు కదా తెలియనిది! మన రాత బాగలేదని తిరిగొచ్చిన ప్రతిసారీ దేవుడికి దండం పెట్టుకుంది.

ఇంటికొచ్చాక రెండు రోజులు ఆగి అడిగింది. "ఏమయ్యా, ఇంజను మార్పిస్తావా లేదా?"

"మార్పిస్తే బండలు తీయాల గదా. బండల వ్యాపారి తన బండిలో బండలే పీకినాడంటే కొనేటోళ్లు ఏమనుకుంటారు? సరుకులోనే ఏదో దోసముండాది అనుకోరా?"

"అనుకుంటే అనుకోనీ. ముందు నాది పీకిచ్చు. నేను ఏరుకున్న నల్లబండ. ముక్కలైనా నేనేం బాధపడను. జోగ్ పోయొచ్చినాక కావాలంటే మళ్లా పరుచుకో."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేస్తూ, "సరేలే, ఏదో ఒకటి చేస్తా" అన్నాడు. ఇన్నేళ్లు కాపురం చేసిన ఆడమనిషి ఆ మాటను ఒప్పుకోలు అనుకుంది. అనుకోవడానికి అంతకంటే ఏముంది గనక?

నెల దాటాక, వ్యాన్ పని చూసొస్తానని పోయిన దేవేంద్రప్ప గండికోట నుంచి ఫోన్ చేశాడు. "వ్యాన్ తయారయింది. చీరలు సర్దుకోని బస్సుకు రా."

కృష్ణవేణమ్మకు కాళ్లు నేల మీద నిలవలేదు. జోగ్ దగ్గర చలిగా ఉంటుందేమోనని స్వెట్టరు కూడా బ్యాగులో పెట్టుకుంది. వాకిట్లో కూర్చున్న డ్రైవర్లతో, "ఇంగ టీ అంగట్లో తాగండప్పా, నేను ఊరికి పోతాండా" అని కేకేసి మరీ చెప్పింది. బస్సులో పక్కామె ఎక్కడికని అడిగితే జోగ్ అని చెప్పింది. పక్కామెకు అదెక్కడో తెలియదు. కృష్ణవేణమ్మ దారి పొడుగునా వివరించి చెప్పింది.

గండికోటలో గుడారాల వరస చివర వ్యాన్ నిలబడి ఉంది. కొత్త రంగు వేశారు. దగ్గరికి పోయేదాకా ఆమెకు తేడా తెలియలేదు. చక్రాలు లేవు. నాలుగు మూలలా బండల దిమ్మెలు కట్టి, వాటి మీద ఎత్తి నిలబెట్టారు. ఎక్కడానికి బండల మెట్లు కట్టారు. ఇంజను ఉండాల్సిన చోట ఖాళీ.

"ఎట్లుండాది?" అన్నాడు దేవేంద్రప్ప ముఖం వెలిగిపోతూ. "అన్ని గుడారాల కంటే దీనికే గిరాకీ అంట. ఇంజను అక్కరలేదు, బండలు తీసే పనిలేదు. పాత ఇంజను ఇనుముకు ఏసేసినాం."

"పెద్దమ్మా, లోపలికి రా. నీ కోసం పెద్ద పొయ్యి పెట్టిచ్చినా" అన్నాడు సుధీర్. "వచ్చినోళ్లంతా ఇంటి వంట కావాలంటాండారు. నీ చేతి వంటంటే ఇంగ చెప్పాల్నా!"

కృష్ణవేణమ్మ బ్యాగు కింద పెట్టలేదు. "నన్నొక మాట అడిగినావా?" అంది మొగుణ్ణి చూస్తూ.

"అడగకుండా యాడ చేసినా? గట్టుకు ఏ రంగు కావాలో నిన్నడిగే కదా ఏయించినా!"

ఆయన ఎగతాళి చేయడం లేదు. నిజంగానే అన్నాడు. తిరిగి పోదామన్నా పోయేది ఫ్యాక్టరీ వంటింటికే. అక్కడి పొయ్యికీ ఇక్కడి పొయ్యికీ తేడా ఏముంది? కడుపులో మంట మాత్రం ఎక్కడికి పోయినా కూడా వస్తుంది.

మర్నాడు పొద్దున హైదరాబాదు నుంచి వచ్చిన ఒకమ్మాయి చెప్పులు విడిచి మెట్లెక్కింది. "ఎంత చల్లగా ఉంది ఆంటీ నేల! ఇదొక ఇల్లే. ఇందులో మీరు ఎక్కడెక్కడికి వెళ్లొచ్చారు?"

కృష్ణవేణమ్మ ఉప్మా కలుపుతూ, "ఈడికొచ్చినాం తల్లీ" అంది.

ఆ పిల్ల అదేదో హాస్యమనుకుని పకపకా నవ్వింది. "సూపర్ ఆంటీ! ముందు ఒక టీ దొరుకుతుందా?"

కృష్ణవేణమ్మ నల్లబండ మీద చెదిరిన రవ్వ తుడిచి, పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది.