దాత గారి ఫోటో వెనుక

నేను ఒక విభాగపు పుటను. కాలేజీ వార్షిక సంచికలో కథలూ కవితలూ అయిపోయి ఫోటోలు మొదలయ్యే చోట ఒక మందపాటి కాగితం అడ్డం వస్తుంది చూడండి, అది నేనే. నా దగ్గర ఎవరూ ఆగరు. తమ ఫోటో ఎక్కడుందోనని నన్ను తిప్పేసి పోతారు. అందుకు నాకేమీ బాధ లేదు. నా బాధ వేరే.

వరంగల్ వైపు ఒక చిన్న ఊరి డిగ్రీ కాలేజీలో పుట్టాను. 'చివరి సంవత్సరం విద్యార్థులు' అనే విభాగానికి ముందు పుట గీయమని తెలుగు చెప్పే భద్రయ్య సారు సుహాసినికి అప్పగించారు. ఏటా ఆ చోట వీణో, నెమలీకో, వెలిగే దీపమో ఉండేది. చదువుకూ నెమలీకకూ ఏం చుట్టరికమో నాకు ఇప్పటికీ తెలియదు. సుహాసిని అవేవీ ముట్టుకోలేదు. తన తరగతిని వెనక నుంచి గీసింది. బెంచీలు, జడలు, క్రాపులు, దూరాన నల్లబల్ల. అన్నీ వీపులే. ఆఖరి బెంచీ కొసన, కింద కుడి మూలన, ఒకే ఒక్క అమ్మాయి వెనక్కి తిరిగి నవ్వుతూ ఉంటుంది. ఆమె యాకలక్ష్మి.

మొదటి ఏడాది నుంచీ సుహాసిని పక్కన కూర్చున్న పిల్ల. చివరి ఏడు తల్లితో పత్తి ఏరడానికి పోయి హాజరు తగ్గింది, హాల్‌టికెట్ రాలేదు. హాల్‌టికెట్ లేనివాళ్ల ఫోటో సంచికలో వేయరట. ఆమె ఈ కాలేజీలో చదివిందని చెప్పడానికి పుస్తకం మొత్తంలో మిగిలింది నేనొక్కదాన్నే. ఆ ముఖం కుదిరేదాకా సుహాసిని ఎన్నిసార్లు చెరిపిందో! రబ్బరు రాపిడికి ఒళ్లు మండినా సంతోషంగానే ఓర్చుకున్నాను.

ప్రిన్సిపాల్ గారు నన్ను చూసి బాగుందన్నారు. ఆ వెంటనే, అచ్చు ఖర్చు పెట్టుకున్న దాత గారి ఫోటో ప్రతి విభాగం ముందూ రావాలన్నారు. దాత గారు అడిగారా అంటే, పాపం, అడగలేదు. అడగకముందే పెట్టడం మర్యాద అని మనుషుల లెక్క. అచ్చాఫీసులో కంప్యూటర్ మీద పుటలు కూర్చే ఖలీల్‌కు మిగతా వాటిల్లో వీణ పక్కన, దీపం పక్కన కుడి మూల ఖాళీగా కనిపించింది. అన్నిటికీ అక్కడే పెట్టాడు, నాకూ అక్కడే పెట్టాడు.

ప్రూఫు చూసిన సుహాసిని అచ్చాఫీసుకు పరుగెత్తుకొచ్చింది.

“జర ఎడమ దిక్కు జరుపన్నా. గాడ మా యాకలక్ష్మి ఉన్నది.”

“ఒక్కదాంట్ల జరిపితే ఎట్లనమ్మా? అన్నిట్ల ఒక్క తీరుగ ఉండాలె. పెద్దసారు సంతకం గూడ అయిపోయింది.”

ఆమె అక్కడే ప్రూఫులు దిద్దుతున్న భద్రయ్య సారు వైపు తిరిగింది. ధైర్యం గురించి గంటసేపు పాఠం చెప్పగల మనిషి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “సంతకం అయినంక నేనేం జేస్తనమ్మా?” అన్నారు. దాత గారినే అడిగితే నవ్వి పక్కకు జరిగేవారేమో. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా. నేను కాగితాన్ని, అరవలేను. యాకలక్ష్మి ముఖం ఉండాల్సిన చోట దాత గారి నవ్వుతో యంత్రంలోంచి బయటపడ్డాను. ఆమెవి ఒక మోచెయ్యి, జడ కొస మాత్రం మిగిలాయి. నా తొలి ఒళ్లు, సుహాసిని గీసిన ఆ కాగితం, అచ్చాఫీసు చెత్తలో కలిసిపోయింది.

ఆవిష్కరణ సభలో దాత గారు పుస్తకం తిరగేశారు. నా దగ్గర ఆయన కూడా ఆగలేదు.

తర్వాత ఒకరోజు టీసీ తీసుకోవడానికి యాకలక్ష్మి కాలేజీకి వచ్చింది. ఆమెకు పుస్తకం ఇవ్వలేదు. సుహాసిని తన పుస్తకంలో నన్ను చూపించి ఏడ్చింది. యాకలక్ష్మి మాత్రం ఏడవలేదు.

“నా జడ మంచిగ గీసినవే. మా అవ్వకు చూపిస్త, ఇయ్యరాదె.”

సుహాసిని నన్ను కుట్టు దగ్గర మెల్లగా చించి ఆమె చేతిలో పెట్టింది.

ఇంట్లో తల్లి, పత్తికాయలు గీరిన చేతులు కొంగుకు తుడుచుకుని నన్ను అందుకుంది.

“ఈనెవలు బిడ్డా, మీ సారా?”

“కాదే. బుక్కు అచ్చేపిచ్చినాయన.”

“మరి నువ్వేది?”

“ఆయన ఎన్క ఉన్ననే అవ్వా.”

ఫోటోను పైన అతికించారనుకుంది ఆ తల్లి. అంచు దగ్గర గోటితో లేపబోయింది. లేస్తే ఎంత బాగుండునని నేనూ ఆశపడ్డాను. నా పైపొర లేచి దాత గారి చెవి రాలిపోయింది. దాని కింద తెల్ల కాగితం తప్ప ఏమీ లేదు.

“ఇడువవే అవ్వా, చినుగుతది” అని యాకలక్ష్మి తల్లి చెయ్యి పట్టుకుంది.

ఆ గోరు మాత్రం ఆగలేదు.