ముసలి రాజుకు ఐదు మార్కులు

మా బడి పేరు న్యూ లండన్ టాలెంట్ హైస్కూల్. నార్కట్‌పల్లికి కొంచెం ఇవతల, హైవే పక్కనున్న మా ఊళ్లో, పెట్రోలు బంకుకూ ధాబాకూ మధ్య ఉంటుంది. పాత లండను ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు గానీ, కొత్త లండనులో మాత్రం వానాకాలం వస్తే ఎనిమిదో తరగతి గదిలోకి నీళ్లొచ్చేవి. ఆ నీళ్లు తోడించాల్సిన సమయంలో మా కరస్పాండెంట్ సురేశ్ సారుకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. రామన్నపేటలో కొత్తగా వెలిసిన బడివాళ్లు పిల్లలకు అబాకస్ నేర్పుతున్నారట. వాళ్ల నోరు మూయించాలంటే మనం ఏకంగా ఇంగ్లీషు సాహిత్యమే నేర్పాలని తీర్మానించారు. అలా పదో తరగతి వాళ్లకు శనివారం ఒక పీరియడు పెట్టి, నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు విషాద నాటకం ఒకటి మాకు అంటగట్టారు. రాసినాయన మీకూ తెలిసినవాడే. అడ్మిషన్ల కరపత్రంలో ఆయన బొమ్మను సురేశ్ సారు బొమ్మ కంటే కొంచెం చిన్నగా వేశారు.

నాటకం చెప్పే పని మా ఇంగ్లీషు దశరథ్ సారు మీద పడింది. ఆయన ఆ పుస్తకాన్ని అంతకు ముందు చదివింది లేదు, ఆ తర్వాత చదివే పనీ పెట్టుకోలేదు. గైడు ఉండగా పుస్తకం ఎవరిక్కావాలి? అయితే మనిషి మంచివాడు, కథ చెప్పడం వచ్చినవాడు.

"ఒక ముసలి రాజు ఉంటడు. ముగ్గురు బిడ్డలు," అని మొదలుపెట్టారు. "నాతోటి ఇగ కాదు, రాజ్యం మీకు పంచిస్త, కానీ ముందుగాల ఎవరికి నా మీద ఎంత ప్రేమున్నదో నలుగురిల చెప్పున్రి అంటడు. పెద్దామె ఆకాశమంత ఉన్నదంటది. నడిపామె నువ్వు తప్ప నాకు లోకమే లేదంటది. ఇద్దరికీ రాసిస్తడు. చిన్నామె లేచి, బిడ్డకు తండ్రి మీద ఎంతుండాల్నో అంతే ఉన్నది, ఎక్కువ చేసి చెప్పుడు నాతోటి కాదంటది. రాజుకు మండి ఆమెను కట్టుబట్టలతోటి ఎల్లగొడతడు. ఎనుక పెద్దోళ్లిద్దరు గా ముసలోన్ని వానల బయటికి నూకుతరు. అందరు చస్తరు. అయిపోయింది. రాసుకోన్రి. రాజు చేసిన తప్పేమి, ఐదు మార్కులు."

వానలో ఆ ముసలాయన ఎక్కడ తలదాచుకున్నాడు సార్ అని నేను చివరి బెంచి నుంచి అడిగాను.

"అది పరీక్షకు రాదు మమతా, కూసో," అన్నారు.

ఐదు మార్కులకు ఐదు ముక్కలు. రాజు పొగడ్తకు లొంగాడు. నిజం చెప్పిన మనిషిని దూరం చేసుకున్నాడు. మిగతా మూడూ ఈ రెండింటినే అటూ ఇటూ తిప్పి రాసినవి. మేం వాటిని ఇంగ్లీషులో బట్టీ పట్టాం. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాళ్లం. ఒక శనివారం సురేశ్ సారే స్వయంగా క్లాసుకొచ్చి వెనక నిలబడి విన్నారు.

"మొత్తానికి రాజు ఎసొంటోడు?" అని అడిగారు.

"మూర్ఖుడు సార్," అన్నాం అందరం ఒకే గొంతుతో.

"మీరు బంగారం రా," అని ఆయన మురిసిపోయారు. ఆ మురిపెంలోనే అసలు విషయం బయటపెట్టారు.

బడి వెనక ఆయనే ఒక జూనియర్ కాలేజీ కడుతున్నారు, అందులో ఒక బైపీసీ సీటు ఉచితంగా ఇస్తారట. ఫీజూ పుస్తకాలూ అన్నీ కాలేజీవే. ఎవరికంటే, యాన్యువల్ డే నాడు స్టేజీ ఎక్కి, తల్లిదండ్రులందరి ముందర, న్యూ లండన్ మీద, సురేశ్ సారు మీద తమకు ఎంత ప్రేముందో అందరికంటే బాగా చెప్పినవాళ్లకు. దాన్ని వీడియో తీసి అడ్మిషన్లకు వాడుకుంటారు. క్లాసులో ఒక్కరికైనా నవ్వు రాలేదు. నేను దశరథ్ సారు వంక చూశాను. ఆయన డస్టరు పట్టుకొని బోర్డు తుడుస్తున్నారు. బోర్డు మీద అప్పటికే ఏమీ లేదు.

ఇక ఉజ్మా సంగతి చెప్పాలి. నా దోస్తు. క్లాసులో ఎప్పుడూ మొదటిది. డాక్టరు కావాలని దాని పట్టు. దాని తండ్రి అహ్మద్ అలీ చాచాకు చౌరస్తాలో పంక్చర్ దుకాణం ఉంది. ఫీజు కట్టి చదివించే స్తోమత లేదు. సర్కారు కాలేజీలో చదవాలంటే రోజూ బస్సెక్కి నల్లగొండ పోవాలి, దానికి చాచా ససేమిరా అనేవాడు. ఆడపిల్ల చదువు మీద ఆయనకు కోపం లేదు, ఆయనకు నమ్మకం లేనిది బస్సు టైర్ల మీద. పొద్దస్తమానం హైవే మీద పగిలిన టైర్లు చూసే మనిషి మరి. "ఊళ్లనే అయితే ఎంతన్న చదువు బేటా, బస్సు మాట మాత్రం తియ్యకు," అనేవాడు. ఊళ్లో రాబోయే కాలేజీ సురేశ్ సారుది ఒక్కటే. అంటే ఉజ్మా డాక్టరు చదువు మొత్తం ఆ ఒక్క సీటుకు వేలాడుతోంది, ఆ సీటేమో రెండు నిమిషాల పొగడ్తకు వేలాడుతోంది.

"రెండు నిమిషాలు నీ నోరు నీది కాదనుకో," అని నేను దానికి నూరిపోశాను. "డాక్టరైనంక ఎంత నిజం చెప్తవో చెప్పు, ఎవరొద్దన్నరు?"

"మరి రాజు చేసిన తప్పేందని రాసినవే నువ్వు?"

"అది ఐదు మార్కులకే పిల్లా."

"గంతేనా?" అంది. దాన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

యాన్యువల్ డే నాడు మొదట మా క్లాసు అక్షిత స్టేజీ ఎక్కింది. జేబురుమాలు ముందే చేతిలో పట్టుకొని ఎక్కింది. "సురేశ్ సారే నాకు నాన్న," అని గొంతు జీరబోయేలా అని కళ్లు ఒత్తుకుంది. ముందు వరసలో కూర్చున్న వాళ్ల సొంత నాన్న అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ఫైసల్ ఎక్కి, న్యూ లండన్ లేకపోతే తాను లేనే లేనన్నాడు. వాడు మా బడిలో చేరిందే తొమ్మిదో తరగతిలో. అంతకు ముందు వాడు ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు. సురేశ్ సారు కుర్చీలో వెనక్కి వాలి, సగం కళ్లు మూసుకొని వింటున్నారు.

మూడోది ఉజ్మా. కాగితం లేదు, రుమాలు లేదు.

"నేను చిన్నప్పటి సంది ఈడనే చదువుతున్న," అంది. "లెక్కలు మంచిగ చెప్పిన్రు, ఇంగ్లీషు మంచిగ చెప్పిన్రు. బయాలజీ సారు దసరాకు ఊరికి పోయి ఇంకా రాలే, అది మాకు మేమే చదువుకుంటున్నం. సురేశ్ సారంటే నాకు గౌరవమే. చదువు చెప్పించిన సారు మీద ఎంతుండాల్నో అంత ఉన్నది. నాన్న అనుడు మాత్రం నాతోటి కాదు. అననీకి మా అబ్బా ఉన్నడు. గా ఎనుక నిలబడ్డడు."

జనమంతా వెనక్కి తిరిగారు. దుకాణం నుంచి నేరుగా వచ్చిన అహ్మద్ అలీ చాచా, నల్లగా మసిబారిన చేతులు వీపు వెనక్కి పెట్టుకొని తల దించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. చేతికందిన సీటు పోయిందని కొంత, ఇంత ధైర్యం ఉన్న పిల్ల నా పక్క బెంచిలో కూర్చుంటుందన్న గర్వంతో కొంత.

సురేశ్ సారు మైకు అందుకున్నారు. "కొందరికి చదువొస్తది, సంస్కారం రాదు," అన్నారు. సీటు అక్షితకు ప్రకటించారు. ఉజ్మా వీడియో తీసెయ్యమని ఫొటోగ్రాఫరుకు అక్కడే, మైకులోనే చెప్పారు. మూర్ఖుడైన రాజు గురించి క్లాసులో బంగారంలా అప్పజెప్పినవాళ్లం అందరం చప్పట్లు కొట్టాం.

ఇంటిదారిలో చాచా ముందు నడుస్తున్నాడు. ఉజ్మా వెనకే నడుస్తోంది, దాని వెనక నేను. దుకాణం దగ్గరికొచ్చాక ఆయన ఆగి, ముక్కు తుడుచుకొని అడిగాడు.

"నల్లగొండ బస్సు పొద్దుగాల ఎన్నింటికి వస్తది బేటా?"

అలా బస్సు సమస్య తీరింది. మే నెలలో ఫలితాలొచ్చాయి. ఉజ్మాకు, అక్షితకు, ఫైసల్‌కు ముగ్గురికీ పదికి పది. సురేశ్ సారు మిఠాయిలు తెప్పించి చూసేసరికి, నాన్న అన్న బిడ్డా లేదు, ఆయన లేకపోతే తానే లేనన్న కొడుకూ లేడు. హైదరాబాదు నుంచి పెద్ద కాలేజీవాళ్లు ఏసీ కారులో వచ్చి ఇద్దరినీ ఎక్కించుకుపోయారు. పైగా నల్లగొండ నిండా వాళ్ల ఫొటోలతో, వీళ్లు చిన్నప్పటి నుంచీ మా ఫౌండేషన్ విద్యార్థులేనని ఫ్లెక్సీలు కట్టారు. సురేశ్ సారు అన్నం ముట్టలేదని వాళ్లింట్లో పనిచేసే బిక్షమ్మ ఊరంతా చెప్పింది.

పదికి పది వచ్చిన మొహం ఇక ఆయన చేతిలో ఒక్కటే మిగిలింది. సంస్కారం లేని మొహం. కానీ అడ్మిషన్ల కాలంలో సంస్కారం ఎవరు చూస్తారు? ఫ్లెక్సీ కొట్టే అతని దగ్గర అక్షిత పేరు మీద డిజైను ముందే తయారై ఉంది. సారు ఫోన్ చేశారు. అతను అక్షిత ఫొటో తీసి ఉజ్మా ఫొటో పెట్టాడు, పేరు మార్చాడు. మిగతాదంతా బాగానే ఉందని అలాగే అచ్చు వేశాడు.

కట్టడానికి వాళ్లకు చౌరస్తాలో దొరికిన స్తంభం చాచా దుకాణం పక్కదే. ఒకవైపు చేతులు కట్టుకొని నవ్వుతున్న సురేశ్ సారు, ఇంకోవైపు హాల్‌టికెట్ ఫొటోలోని ఉజ్మా, కింద ఇంతింత ఎర్రటి అక్షరాలు: "సురేశ్ సారే నాకు నాన్న."

చాచా తెలుగు కూడబలుక్కొని చదువుతాడు. రెండుసార్లు చదివాడు.

"మరి నేనెవన్ని బేటా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు చూడలేకపోయాను.

సీటు పోయిన నాడు కంట తడి పెట్టని ఉజ్మా ఆ రోజు దుకాణంలో టైర్ల మీద కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చింది. "సీటు పోతే పోయింది, నేనన్న మాటన్న నాకున్నది అనుకున్ననే. గదీ గుంజుకున్నరు," అంది. నాకు ఒళ్లు మండిపోయింది. రాయి తీసుకొని ఫ్లెక్సీ మీదికి విసరబోతే చాచా నా చెయ్యి పట్టుకున్నాడు.

"మంచి గుడ్డ. ఎందుకు ఖరాబు చేస్తవ్," అన్నాడు.

జూన్‌లో ఇద్దరం నల్లగొండ సర్కారు కాలేజీలో చేరాం. ఉజ్మా బైపీసీ, నేను సీఈసీ. పొద్దున బస్సు ఆగగానే చాచా వచ్చి టైర్లన్నిటినీ ఒక్కొక్కటిగా కాలితో తన్ని చూసి, సరేనన్నాకే మేం ఎక్కాలి. డ్రైవరు మొదట్లో తిట్టేవాడు, ఒకసారి వెనక టైరులో మేకు చూపించాక మానేశాడు.

మొదటి పెద్ద వాన పడిన రోజు, సాయంత్రం బస్సు దిగి తడుస్తూ దుకాణంలోకి ఉరికాం. మా వెనకే ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి సురేశ్ సారు దిగి, తల మీద ఫైలు పెట్టుకొని, ప్యాంటు పైకి పట్టుకొని లోపలికి దూరారు. నీళ్లు కారుతున్న మీసాలతో ఆయన చాలా చిన్న మనిషిలా ఉన్నారు. ఉజ్మా స్టూలు తుడిచి వేసింది. ధాబా నుంచి చాయ్ తెప్పించి ముందు ఆయనకే ఇచ్చింది. నేనైతే ఇచ్చేదాన్ని కాదు.

చాయ్ తాగుతూ సారు గోడు వెళ్లబోసుకున్నారు. "సొంత పిల్లల్లెక్క చూసుకున్న. ఇద్దరు ఒక్క మాటన్న చెప్పకుంట పోయిన్రు. గిసొంటి లోకం," అన్నారు. తర్వాత ఉజ్మా వైపు తిరిగి, గొంతు మెత్తగా చేసుకొని, "గా సీటు ఖాళీగనే ఉన్నది బిడ్డా. నీకే ఇస్త. వచ్చే ఆదివారం సన్మానం పెడుతున్న, వచ్చి రెండు మాటలు మంచిగ మాట్లాడు, చాలు," అన్నారు.

"నల్లగొండల చేరిన సార్," అంది ఉజ్మా. "బయాలజీ మేడం రోజూ వస్తాంది."

సారు గ్లాసు కింద పెట్టారు. ఇక మిగిలిన పని గుర్తొచ్చినట్టుంది. "సరే గనీ అలీ, గీ స్తంభానికి మన ఫ్లెక్సీ ఉండాలె గదా. ఎవడు పీకిండు? రామన్నపేటోళ్లేనా?"

చాచా పైకి చూశాడు.

దుకాణానికి అంతకు ముందు ఓడిపోయిన సర్పంచ్ అభ్యర్థి ఫ్లెక్సీ కప్పుగా ఉండేది. అది చిరిగిపోయింది. ఇప్పుడున్నది కొత్తది. బొమ్మల వైపు లోపలికి తిప్పి, నాలుగు మూలలా తాళ్లతో బిగించి కట్టి ఉంది. సురేశ్ సారు తల ఎత్తేసరికి, పైనుంచి చేతులు కట్టుకొని సురేశ్ సారే ఆయన్ని చూసి నవ్వుతున్నారు. ఆ పక్కన ఉజ్మా. దాని కింద ఎర్రటి అక్షరాల్లో మొదటి రెండు మాటల మీద, లారీ ట్యూబులకు వేసే నల్లటి రబ్బరు ప్యాచ్ ఒకటి, సొల్యూషన్ పూసి, అంచులు ఒత్తి, ఊడకుండా అతికించి ఉంది. మిగిలిన మాటలు రెండే: "నాకు నాన్న."

సారు కూడా రెండుసార్లు చదివారు. బయట వాన ఇంకా పెద్దదైంది.

"ఏంది అలీ గిది?"

"గక్కడ కారుతుండె సార్," అన్నాడు చాచా, మసి చేతులు ఈసారి ముందరే పెట్టుకొని. "ప్యాచ్ ఏసిన. ఇగ కారది."