సున్నం గీతల గది

చెల్లెలి ఇంట్లో మిషనక్క ఏనాడూ గోడకి చేరగిలబడి కూర్చోలేదు. కుర్చీ అంచున కూర్చునేది. ఎవరైనా గదిలోకి వస్తే లేచేది. లేచాక, ఎందుకు లేచిందో తనకే తెలియక, ఏదో ఒక పని వెతుక్కునేది. తెల్లవారకముందే పరుపు చుట్టి సోఫా వెనక్కి తోసేసేది. వీధిలో అందరి బట్టలూ కుట్టి ఆ పేరు తెచ్చుకుంది గాని, ఆ కుట్టుమిషను ఉండేది మెట్ల కింద. మరిది స్కూటరు లోపలికి తెచ్చేటప్పుడు దాన్ని జరపాలి, బయటికి తీసేటప్పుడు మళ్ళీ జరపాలి. "ఉండండి వదినా, నేను జరుపుతాను" అనేవాడతను. అతని చెయ్యి పడేలోపే ఆమె జరిపేసేది.

ఆమె అద్దెకున్న ఇల్లు పడగొట్టి షోరూము కట్టినప్పుడు, ఇంకో ఇల్లు దొరికేదాకా అని చెల్లెలే తీసుకొచ్చింది. కుట్టుపని మీద వచ్చే డబ్బులకి ఇల్లిచ్చేవాళ్ళు దొరకలేదు. ఏళ్ళు గడిచాయి. పొమ్మని ఎవరూ అనలేదు. అనుంటే తేలికగా ఉండేదేమోనని ఆమెకి అప్పుడప్పుడు అనిపించి, ఆ ఆలోచనకి తనే సిగ్గుపడేది. "మా అక్క మాతోనే ఉంటుంది, అక్కకేం లోటు?" అని చెల్లెలు ఇరుగుపొరుగుతో అన్నప్పుడల్లా ఆమె వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. అది కృతజ్ఞతే అనుకునేది.

వీధి చివర పాత బస్సుల షెడ్డు కూల్చేసిన స్థలం ఖాళీగా ఉంది. అక్కడ తక్కువ అద్దెకి చిన్న గదులు కట్టించాలని రిటైరైన నర్సు ఒకావిడ కమిటీ పెట్టింది. కమిటీలో అందరికంటే ఎక్కువ తిరిగేది మిషనక్కే. మెట్లెక్కి, తలుపులు తట్టి, ఇల్లు లేనివాళ్ళ గురించి ఆమె మాట్లాడుతుంటే వినేవాళ్ళ కళ్ళు చెమర్చేవి. "నీకు కాలు ఒకచోట నిలవదక్కా. ఊరందరి బాధా నీదే" అని చెల్లెలు నవ్వేది.

మందుల షాపాయన మాత్రం ఒంటికాలి మీద లేచాడు. "మన వీధిలో ఇల్లు లేనివాడెవడో ఒక్కణ్ణి చూపించండి. ఎక్కడెక్కడివాళ్ళనో తెచ్చి మన నెత్తిన పెడతారా?"

ఆ మాట స్థలం సంగతి చూసే మునిసిపల్ ఆఫీసరు పట్టుకున్నాడు. వీధిలోవాళ్ళు ఒక్కరైనా నాకు గది కావాలని ఎదురుగా చెబితే పైకి రాస్తానన్నాడు. లేకపోతే స్థలం కార్ల పార్కింగుకి పోతుంది. ఆదివారం వస్తానన్నాడు.

ఆ ఒక్కరిని వెతికే పని మిషనక్క మీద పడింది. లిఫ్టు గదిలో పడుకునే వాచ్‌మన్ ఉద్యోగం పోతుందని నోరు మెదపలేదు. కారు షెడ్డులో పిల్లలతో కాపురముంటున్న ట్యూషన్ టీచరు, "మాకేం అక్కా, బాగానే ఉన్నాం" అంటూ తలుపు సగం మూసింది. తిరిగి వస్తుంటే మిషనక్కకి ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేరా? అంత పరువేమిటి? దారంతా వాళ్ళతో లోలోపల పోట్లాడుతూనే ఉంది. ఇంటికొచ్చి మిషను జరపడానికి వంగాక కోపం చల్లారలేదు గాని, అది ఎవరి మీదో తెలియకుండా పోయింది.

ఆదివారం మేస్త్రి స్థలం మధ్యలో సున్నంతో ఒక గదిని నేలమీద గీశాడు. కొలత నిజం గదిదే. తలుపు దగ్గరా కిటికీ దగ్గరా గీత గియ్యకుండా ఖాళీ వదిలేశాడు. జనం చుట్టూ చేరారు.

"ఏమయ్యా, గోడలోంచి నడిచొచ్చేశావు, దెయ్యానివా?" అన్నాడు మేస్త్రి ఒకాయనతో.

"నీ గోడ నడుమెత్తు కూడా లేదు, నీ మేస్త్రితనం ఏడ్చినట్టే ఉంది!"

మందుల షాపాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇందులో మనిషి ఉంటాడా? పావురాలు ఉంటాయి."

"మిషనక్కా, నువ్వు లోపలికెళ్ళి ఎలా సర్దుకోవచ్చో చూపించమ్మా. నువ్వైతే బాగా చెబుతావు" అంది నర్సు. ఆఫీసరు అప్పుడే వచ్చి గొడుగు కింద నిలబడ్డాడు. అతని వెనక చెల్లెలు కూడా ఉంది.

మిషనక్క తలుపులోంచి లోపలికి వెళ్ళింది. "మంచం ఇక్కడ" అంది. "పొద్దున్నే ఎత్తక్కర్లేదు, ఎవరి కాళ్ళకీ అడ్డం రాదు. స్టవ్వు ఈ మూల. ఇక్కడ అద్దం, చిన్నదే. మిషను కిటికీ పక్కన. ఇక దీన్ని జరిపేది లేదు." చెబుతూ నాలుక కరుచుకుంది. చేతులు మాత్రం ఆగలేదు. గాలిలోనే ఒక గుడ్డ తీసి మిషను మీద కప్పి, అంచులు సరిచేశాయి.

నవ్వులు ఆగాయి. ఈ గదిని ఆమె ఇప్పుడు సర్దడం లేదని, ఎన్నాళ్ళ కిందటో సర్దేసుకుందని చూసేవాళ్ళకి అర్థమవుతోంది. అందరికంటే ముందు చెల్లెలికి అర్థమైంది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"బాగుందమ్మా" అన్నాడు ఆఫీసరు. "కానీ నేనడిగింది వేరు. ఈ గది కావాలనేవాళ్ళు ఈ వీధిలో ఎవరు?"

టీచరు నేల చూసింది. మందుల షాపాయన దగ్గాడు. మిషనక్క చెల్లెలి వైపు చూసింది. చెబితే చెల్లెలికి నలుగురిలో తలకొట్టేసినట్టవుతుంది. ఇన్నాళ్ళూ పెట్టిన అన్నం, పరిచిన పరుపు, అన్నీ చాలలేదని చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే రేపు మళ్ళీ మెట్ల కింద వంగాలి.

"అక్కా, ఇక చాలు. ఇంటికెళ్దాం పద" అంటూ చెల్లెలు చరచరా గీత దాటి లోపలికొచ్చింది.

"అటు గోడ ఉందే" అంది మిషనక్క. చేత్తో చూపించింది. "తలుపు ఇటు."

చెల్లెలు ఆగిపోయింది. కాలి కింద సున్నం చెదిరింది.

"నాకే కావాలండీ" అంది మిషనక్క ఆఫీసరు వైపు తిరిగి. "ఈ గది నాకు కావాలి. నాకు ఇల్లు లేదు."

"మా ఇంట్లో నీకేం తక్కువ చేశాం?" చెల్లెలి మాట గుసగుసలా వచ్చింది.

"ఏమీ తక్కువ చెయ్యలేదు. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాను."

"పైకి రాస్తానమ్మా. ఇస్తారని మాత్రం నేను చెప్పలేను" అన్నాడు ఆఫీసరు. అప్పుడు టీచరు చెయ్యి, భుజం దాకా లేవకుండా, కాస్త లేచింది.

చెల్లెలు గీత మీంచి వెనక్కి అడుగేసింది. వెళ్ళిపోతుందనుకుంది మిషనక్క. వెళ్ళలేదు. బయటే గోడ పొడుగునా నడిచి, కిటికీ దగ్గర ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మిషను అక్కడ పెడితే వెలుతురు వీపు మీద పడుతుంది" అంది కోపంగానే. "నీడలో సూదిలోకి దారం ఎలా ఎక్కిస్తావ్? పొద్దస్తమానం మెడ వంచుకుని కూర్చుంటావా?"

"ఇటు తిప్పుకుంటాలే."

"ఇటు తిప్పితే తలుపు తెరుచుకోదు. నీకెప్పుడు తెలిసింది గనక."

మిషనక్క గదిలో అటొకసారి ఇటొకసారి నడిచి చూసింది. తలుపు ఎంత మేర తెరుచుకుంటుందో మేస్త్రిని అడుగుదామని చూస్తే, అతను వంగి, చెల్లెలి కాలు చెరిపిన గోడని మళ్ళీ గీస్తున్నాడు.