కొంపముంచే పాట

యాభై దాటాక అక్కకు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు కరెంటు పనివాడు, నెమ్మదస్తుడు. ఎంత వెతికినా చెల్లికి అతనిలో వంక దొరకలేదు. ఆమె బాధంతా అదే.

పెళ్లయిన మర్నాడు అక్క సూట్‌కేసు సర్దుతున్నంతసేపూ చెల్లి కళ్లు గోడవారనున్న రికార్డు మీదే ఉన్నాయి. పాత సామాన్ల కొట్లో ప్లేయరు కొంటే దానితోపాటు వచ్చిన ఇంగ్లీషు హార్డ్ రాక్ ఆల్బమ్ అది. మాటల్లో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అక్కాచెల్లెళ్ల ఇస్త్రీ కొట్టు దాని మీదే నడిచింది. డ్రమ్ములు దడదడలాడే మొదటిది చొక్కాల పాట. నిదానంగా సాగే రెండోది కర్టెన్ల పాట. మూడోది కొంపముంచే పాట. దాని మధ్యలో గిటారు ఒక్కటే లంకించుకుందంటే ఇక ఒళ్లు తెలియదు. ఓసారి చెల్లి అలాగే కళ్లు మూసుకుని, డాక్టరుగారి తెల్ల ప్యాంటు మీద ఇస్త్రీపెట్టె అచ్చు దింపేసింది. అప్పటినుంచీ కొట్టులో ఒకటే చట్టం. గిటారు ఎత్తుకోగానే ఇద్దరూ ఇస్త్రీపెట్టెలు నిలబెట్టి, చేతులు కట్టుకుని వినాలి. గిరాకీ గుమ్మంలో నిలబడినా సరే, ఆగాల్సిందే.

"ఏమే, మూతి అలా ముడుచుకున్నావు?" అంది అక్క.

"నా మూతి, నా ఇష్టం. రికార్డు సర్దుకున్నావా?"

"నాకెందుకే? నీ దగ్గరే ఉండనీ."

చెల్లి చివాలున తలెత్తింది. "ఓహో, మొగుడు రాగానే అదీ అక్కర్లేకుండా పోయిందన్నమాట!"

"అయితే పట్టుకుపోతాలే."

"అమ్మో, ఎంత ఆశ!"

సామాను మోయడానికొచ్చిన బావ గొంతు సవరించుకున్నాడు. "ఫోన్లోకి ఎక్కించుకుంటే ఇద్దరి దగ్గరా ఉంటుంది కదా మరదలా..."

"మీరు ఊరుకోండి!" అన్నారిద్దరూ ఒక్కసారే.

అక్క పకపకా నవ్వింది. చెల్లికి నవ్వు రాలేదు. రేపు ఎదుటి బల్ల ఖాళీగా ఉంటుంది. మూడో పాట రానే వస్తుంది. అప్పుడు చేతులు కట్టుకుని ఎవరి మొహం చూడాలి?

ఆమె విసురుగా లేచి, రికార్డును దుప్పటి మడతలో చుట్టి అక్క సూట్‌కేసులో పెట్టేసింది.

అక్క తెల్లబోయింది. "ప్లేయరు కూడా ఇచ్చేస్తావేమిటే?"

"అది కదలదు. పాట కావాలంటే రికార్డు చంకనెట్టుకుని నువ్వే రావాలి."

అక్క సూట్‌కేసు మూత వేసింది. ముక్కు చీదుకుని, "మంగళవారం వస్తాను," అంది.

"సోమవారం రా. బట్టలెక్కువ."